ఒకే తాళం, వంద ప్రాసెసర్లు

తమ్ముళ్లూ, మెస్‌లో సాంబారు గరిట ఒక్కటే అయితే, బకెట్లు ఎన్ని పెట్టినా క్యూ కదలదు కదా! పీజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం వింటుంటే మాకు ఆ క్యూయే గుర్తొచ్చింది.

మెమరీని, ఫైళ్లను, ప్రాసెసర్ల సమయాన్ని ప్రోగ్రాములకు పంచిపెట్టేది కెర్నల్. పెద్ద సర్వర్లలో పదుల కొద్దీ ప్రాసెసర్లు ఒకే మెమరీని వాడుకుంటాయి. ఒకే లెక్కను ఇద్దరు ఒకేసారి దిద్దితే తప్పు వస్తుంది కనుక కెర్నల్ దానికి తాళం వేస్తుంది.

1996లో వచ్చిన లినక్స్ 2.0లో కెర్నల్ మొత్తానికి ఒకటే పెద్ద తాళం. ఒక ప్రాసెసర్ లోపలుంటే మిగతావి బయట ఆగాల్సిందే. తర్వాత ఒక్కో భాగానికి ఒక్కో చిన్న తాళం పెడుతూ వచ్చారు. 2011లో 2.6.39తో పెద్ద తాళం పూర్తిగా పోయింది. అంటే పదిహేనేళ్ల శ్రమ! సన్ సంస్థ మాత్రం సొలారిస్ 2ను 1990ల మొదట్లోనే చిన్న తాళాలతో కట్టింది.

ఇదెందుకు ముఖ్యం? ఆమ్డాల్ సూత్రం ప్రకారం, పనిలో పదోవంతు ఒకరి తర్వాత ఒకరే చేయాల్సి వస్తే, 64 ప్రాసెసర్లు పెట్టినా వేగం 9 రెట్లు దాటదు. మిగతా డబ్బు వృథా. అందుకే కెర్నల్‌ను పేరు చూసి ఎంచుకోకూడదు. మన పనినే 1, 8, 64 ప్రాసెసర్లపై నడిపి, వేగం ఎక్కడ ఆగిపోతుందో చూసి ఎంచుకోవాలి.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. ఇవి మనకు అందేవి కావనుకున్నాం. కానీ లినక్స్ సోర్స్ అందరికీ ఉచితం. సీ భాష నేర్చుకుని చదవండి. ఆ తలుపుకు తాళం లేదు.