ఉభయకావేరీ మధ్యమున శ్రీరంగము



శ్రీరంగయాత్ర చేసి వచ్చినవారిని "ఏమి చూచితిరి?" అని అడిగినచో, ఏడు ప్రాకారములను, ఇరువదియొక్క గోపురములను, శేషశయనుడైన రంగనాథుని దర్శించితిమని చెప్పుదురు. ఒక నదిపాయను దాటి ద్వీపములో అడుగుపెట్టితిమని చెప్పువారు అరుదు. కాని ఆ క్షేత్రమహిమ పూర్తిగా మనసునకు పట్టవలెనన్న, స్వామి ఎట్టి నేలపై, ఏ నీటి నడుమ పవళించియున్నాడో తెలియవలెను.

నది నడుమ ఏర్పడిన నేలను మన గోదావరి తీరవాసులు "లంక" అందురు. తమిళమున "అరంగము" అను మాటకు గల అర్థములలో ఇదియు ఒకటి. కావున తిరువరంగమను పేరులోనే ఆ క్షేత్రపు భూస్వరూపము దాగియున్నది. కావేరిలో ఇట్టి రంగక్షేత్రములు మూడు ప్రసిద్ధములు. మైసూరు చెంతనున్న శ్రీరంగపట్టణము ఆదిరంగము, శివనసముద్రము మధ్యరంగము, తిరుచిరాపల్లి చెంతనున్న శ్రీరంగము అంత్యరంగము. మూడును ద్వీపములే, మూడింటను స్వామి శయనమూర్తియే.

కొడగు సీమలోని తలకావేరిలో పుట్టిన కావేరి, తిరుచిరాపల్లికి పడమరగా సుమారు 18 కిలోమీటర్ల దూరమున, ముక్కొంబు అనుచోట రెండు పాయలగును. ఉత్తరపు పాయకు కొల్లిడమని పేరు. దక్షిణపు పాయకు కావేరి యను పేరే నిలిచినది. వైష్ణవసంప్రదాయమున కొల్లిడమును ఉత్తరకావేరిగా భావింతురు. అందుచేతనే ఇది ఉభయకావేరీ మధ్యస్థమైన క్షేత్రము. ఈ రెండు పాయలును పడమర నుండి తూర్పునకు ప్రక్కప్రక్కనే ప్రవహించి, కల్లణై యను ప్రాచీనమైన ఆనకట్ట వద్ద మరల మిక్కిలి చేరువగును. ఈ నడుమ నేలయే శ్రీరంగద్వీపము. పొడవు పాతిక కిలోమీటర్ల పైచిలుకు. వెడల్పు మాత్రము ఆలయము వద్ద రెండు మూడు కిలోమీటర్లే. కావేరికి దక్షిణపు గట్టున తిరుచిరాపల్లి నగరము, దాని నడుమ ఉచ్చిపిళ్ళైయార్ కోవెల గల రాతికొండ కలవు. 1994లో శ్రీరంగము కూడ ఆ నగరపాలక సంస్థలో చేరినది.

ఇక స్వామి పవళించిన తీరును చూడుడు. శిరస్సు పడమర, పాదములు తూర్పు. అనగా నది ఏ దిక్కునకు పారుచున్నదో, ద్వీపము ఏ దిక్కునకు సాగియున్నదో, స్వామియు ఆ దిక్కునకే మేను చాచి యున్నాడు. వీపు ఉత్తరమునకు, చూపు దక్షిణమునకు. అయోధ్య నుండి రంగవిమానమును లంకకు గొనిపోవుచున్న విభీషణుడు దారిలో దానిని ఇచ్చట దింపగా అది మరల కదలలేదనియు, భక్తుని దుఃఖము చూచి స్వామి లంకాదిక్కునకే చూచుచుందునని వరమిచ్చెననియు స్థలపురాణము చెప్పుచున్నది. భూగోళదృష్టితో చూచినను ఇందొక విశేషము కలదు. స్వామి వీపు వైపున కొల్లిడము, చూపు వైపున కావేరి ఉన్నవి.

ఆ రెండు పాయల స్వభావములు వేరు. కొల్లిడము వెడల్పైనది, దాని అడుగు పల్లము. కావేరి సన్ననిది, దాని అడుగు కొంత మెరక. వరద వచ్చినపుడు కొల్లిడము ఆ పోటును తనపై వేసికొని సముద్రమునకు చేర్చును. కావేరి తన శాఖలతో తంజావూరు సీమ పొలములకు నీరిచ్చును. ఒకటి ఆపదను మోయునది, రెండవది అన్నము పెట్టునది. నీరు పల్లమెరుగును గదా! మానవుడు ఊరకున్నచో నీరంతయు కొల్లిడమునకే జారి, కావేరి మేటవేసి, పొలములు ఎండును. కొల్లిడమును పూర్తిగా మూసినచో వరద ఊళ్ళను ముంచును. రెండింటిని సమతూకమున నిలుపుటయే ఆ సీమకు ప్రాణము.

ఈ తూకము నిలుపుటకే పెద్దలు పాటుపడిరి. ద్వీపపు తూర్పుకొన వద్ద కావేరినీరు కొల్లిడములోనికి జారిపోకుండ కల్లణైని దాదాపు రెండువేల ఏండ్ల క్రిందట కరికాలచోళుడు కట్టించెనని ప్రసిద్ధి. పందొమ్మిదవ శతాబ్ది మొదట కావేరి మరల పూడుకొనిపోవుచుండగా, ఆర్థర్ కాటన్ దొర 1836లో ముక్కొంబు వద్ద కొల్లిడమునకు అడ్డముగా ఎగువ ఆనకట్ట కట్టుటకు పూనుకొనెను. ఇసుకనేలపై పునాది నిలుపు విద్యను ఆయన కల్లణై కట్టిన ప్రాచీనుల పనిలో చూచి నేర్చుకొనెను. ఆ విద్యయే 1847 నుండి 1852 వరకు సాగిన మన ధవళేశ్వరము ఆనకట్టకు ఆధారమైనది. గోదావరి డెల్టాలో అన్నము తినువారందరును ఈ విధముగా కావేరికి ఋణపడినవారే.

ఈ ద్వీపముననే శ్రీరంగమునకు తూర్పున తిరువానైక్కావల్ కలదు. పంచభూతక్షేత్రములలో ఇది జలక్షేత్రము. అమ్మవారు కావేరీజలముతో లింగమును చేసి పూజించెనని ఐతిహ్యము. జంబుకేశ్వరుని గర్భాలయమున నేలనుండి నీరు ఊరుచుండును. రెండు పాయల నడుమనున్న నేల గనుక ద్వీపపు అడుగున జలము నిలుచుట సహజము. నదిలోని ఇసుక వట్టి మన్ను కాదు. వరదనీటిని పీల్చి దాచుకొని, వేసవిలో గట్టునకు మెల్లమెల్లగా అందించు భాండాగారమది. ఇసుకను మితిమీరి తవ్వినచో నది అడుగు పల్లమగును, చుట్టునున్న బావుల నీరు దిగిపోవును, వంతెనల పునాదులు బయటపడును.

ఇది ఊహ మాత్రము కాదు. 2018 ఆగస్టులో కావేరికి గొప్ప వరద వచ్చినపుడు, ముక్కొంబు వద్ద కొల్లిడము ఆనకట్ట తలుపులు తొమ్మిది కొట్టుకొనిపోయినవి. కొల్లిడముపై గల పాత వంతెన కూడ ఆ వరదలోనే దెబ్బతినెను. కట్టడముల వయస్సు ఒక కారణము కాగా, ఇసుక తవ్వకము మరియొక కారణమని పలువురు విమర్శించిరి. తరువాత అక్కడ క్రొత్త ఆనకట్ట కట్టిరి. కట్టడమును మరల కట్టవచ్చును. ఇసుక మాత్రము వరదలు ఏండ్ల తరబడి తెచ్చి పోసిననే గాని చేరదు.

మన పెద్దలు ఏడు ప్రాకారములను రాతితో కట్టిరి. 1987లో రాజగోపురము 236 అడుగుల ఎత్తున పూర్తియైనది. వీనికన్నిటికిని వెలుపల, మానవుడు కట్టని ఎనిమిదవ ప్రాకారము ఒకటి కలదు. అదియే ఉభయకావేరి. లోని ప్రాకారములలో ఉమ్మివేయుటకు జంకు భక్తుడు, అమ్మమండపము రేవున స్నానము చేసి పాతబట్టలను, ప్లాస్టిక్ సంచులను నీటిలో విడుచుట ఏమి న్యాయము? నదిని మలినపరచుట ప్రాకారమును మలినపరచుటయే. ఇసుకను దోచుట గోడరాళ్ళను ఊడబెరుకుటయే.

కావున యాత్రకు పోవు భక్తులు కావేరివంతెన దాటునపుడే స్వామి ఆవరణము మొదలైనదని తలచి నమస్కరింపవలెను. తమ ఊరి ఏటియెడలను, చెరువుయెడలను ఆ భావమే నిలుపుకొనవలెను. నది నిలిచిననే రంగము, రంగము నిలిచిననే రంగనాథుని కొలువు.

శ్రీరంగనాథార్పణమస్తు.