నాలుగో ఆవిడ కావలెను!

యాభై దాటిన ఆడది ఈత పోటీకి బయల్దేరుతోందంటే మన ఇళ్ళల్లో మొదట వినిపించే మాట "ఈ వయసులో నీకెందుకమ్మా?" అని. రెండోది "మరి నాలుగు రోజులు ఇంట్లో వంటో?" అని. మొదటిదానికి జవాబు మాస్టర్స్ పోటీలకి వెళ్తే దొరుకుతుంది. రెండోదానికి జవాబు మనమే వెతుక్కోవాలి.

మాస్టర్స్ అంటే ఈత నేర్పే గురువులనుకునేరు! 25 ఏళ్ళు నిండిన ఎవరైనా పాల్గొనే పోటీలివి. 25-29, 30-34... అలా అయిదేసి ఏళ్ళకో విభాగం. ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి ఎంత వయసుంటే అదే లెక్క. అరవై ఏళ్ళావిడ అరవైల్లో ఉన్నవాళ్ళతోనే పోటీ పడుతుందన్నమాట. దిమ్మెక్కి దూకడానికి భయమైతే నీళ్ళల్లో ఉండే మొదలుపెట్టొచ్చు. ప్రపంచ పోటీలు 1986లో టోక్యోలో ఆరంభమయ్యాయి. మన దేశంలో జాతీయ పోటీలను భారత ఈత సమాఖ్య నిర్వహిస్తోంది. 2023 నవంబరులో అవి మంగళూరులో జరిగాయి.

వయసు సంగతంటారా? జపాన్‌కి చెందిన మియెకో నగావోకా మోకాలి నొప్పి తగ్గుతుందని ఎనభై ఏళ్ళ తర్వాత ఈతకొచ్చారు. 2015లో, నూరేళ్ళ వయసులో 1500 మీటర్లు ఈదారు. అంతదూరం ఎందుకు, మన గోలి శ్యామల 2021లో 47 ఏళ్ళ వయసులో పాక్ జలసంధిని ఈదేశారు.

నిమిషం కోసం మూడు రోజులు

మావారి అక్కయ్యకి 52 ఏళ్ళు. పోటీలకి ఆవిడ వెంట తోడు వెళ్ళేది నేనే. ఈదేది వదిన, సంచులు మోసేది నేను! ఆవిడ 50 మీటర్లు ఈదడానికి పట్టేది నిమిషం పైచిలుకు. దానికోసం ప్రయాణంతో కలిపి మూడు రోజులు. పైగా వీటిలో హీట్స్, ఫైనల్స్ అని వేర్వేరుగా ఉండవు. ఒక్కసారి ఈదిన టైమే ఫలితం. అందుకే ముందు ఏర్పాట్లు గట్టిగా ఉండాలి.

జాతీయ పోటీలకి పేర్లు రాష్ట్ర సంఘం ద్వారా వెళ్ళాలి. ఆఖరి తేదీ దాటితే అంతే సంగతులు. పుట్టినతేదీ రుజువు, డాక్టరు సర్టిఫికెట్, ఫొటోలు ఒకే కవర్లో పెట్టి, జిరాక్సులు వేరే సంచీలో ఉంచుతాను. రైలు ఖర్చు, బస ఖర్చు ఎవరివి వాళ్ళవే. కాబట్టి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కలిసి ఒకే గది తీసుకుంటే చవకా, ధైర్యమూ.

సంచీలో ఈత దుస్తులు రెండు జతలు, గాగుల్స్ రెండు, టోపీ, తువ్వాళ్ళు, రబ్బరు చెప్పులు, పైన వేసుకోవడానికో నైటీ. పేరు పిలిచేదాకా గంటల తరబడి కూర్చోవాలి. అంతసేపూ తడి బట్టలతో ఉంటే ఒళ్ళు బిగుసుకుపోతుంది. పొద్దున ఇడ్లీ, మధ్యలో అరటిపండు. పెరుగన్నం మాత్రం ఈత అయ్యాకే!

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది బట్టలు మార్చుకునే చోటు. ఒకచోట (పేరెందుకులెండి) ఆడవాళ్ళందరికీ కలిపి ఒకటే గది, దానికి గొళ్ళెం లేదు. ఒకరి తర్వాత ఒకరం తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాం. అన్ని ఊళ్ళ నుంచి ఆడవాళ్ళని పిలిచేవారు ఒక గొళ్ళెం పెట్టించలేరా?

వయసులు కూడే లెక్క

వదినకి ప్రాణం రిలే. నలుగురు తలా 50 మీటర్లు ఈదాలి. ఇందులో నలుగురి వయసులూ కలిపి విభాగం నిర్ణయిస్తారు. 120-159, 160-199, 200-239... అలా. ఎక్కడైనా వయసు దాచుకుంటాం గానీ ఇక్కడ మాత్రం "నీకెన్ని? నాకిన్ని" అంటూ వేళ్ళమీద లెక్కపెట్టుకుంటారు! మా జట్టులో ముగ్గురివి 61, 52, 47. మొత్తం 160.

కిందటిసారి నాలుగో ఆవిడ ప్రయాణం ముందురోజు రాత్రి ఫోన్ చేసింది. పిల్లవాడికి జ్వరం, పైగా పరీక్షలు, అత్తగారు ఊళ్ళో లేరు. ముగ్గురే మిగిలారు. ముగ్గురితో రిలే లేదు. అవతల మగవాళ్ళు ఒకటికి రెండు జట్లు దించారు. వాళ్ళ పిల్లలకీ పరీక్షలుంటాయి, జ్వరాలూ వస్తాయి. అయినా వాళ్ళ ప్రయాణం ఆగలేదు. రిలే జరుగుతున్నంతసేపూ మా ముగ్గురు ఆడవాళ్ళూ నైటీలు వేసుకుని గట్టుమీద కూర్చుండిపోయారు. "దాన్నేం అనకు, ఇంట్లో దాని బదులు నిలబడేవాళ్ళు లేరు" అంది వదిన. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే అయ్యలకో మనవి. తేదీలు నెలల ముందే తెలుస్తాయి. ఆ మూడు రోజులూ పిల్లల చదువు, వంట, మందులు ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోండి. పచ్చళ్ళూ పొడులూ చేసి పెడితేగానీ కదలకూడదన్న నియమం ఏ శాస్త్రంలోనూ లేదు.

ఇక నా సంగతి. నాకు 38. ముగ్గురి 160కి కలిపితే 198. వదిన ఆ లెక్క ఎప్పుడో వేసేసింది! మూడు నెలలుగా మావారు పొద్దున్నే పిల్లల క్యారియర్లు కడుతున్నారు, నేను ఈత కొలనుకి వెళ్తున్నాను. ప్రస్తుతానికి 25 మీటర్లు ఆగకుండా ఈదగలుగుతున్నాను. ఇంకో 25 రావాలి.

మీ ఊళ్ళోనూ ఏదో ఒక జట్టు నాలుగో ఆవిడ కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. ఒకసారి కనుక్కోకూడదూ!