న్యాయస్థానములో ఎక్సు-రే చిత్రము

రాంట్జెన్ 1895 నవంబరులో ఎక్సు కిరణములను కనుగొనెను. సంవత్సరము తిరుగునప్పటికే, 1896 డిసెంబరులో, అమెరికాలోని డెన్వరు నగరమున ఆ కిరణములతో తీసిన చిత్రములు న్యాయస్థానమునకు వచ్చినవి. నిచ్చెనపై నుండి పడిన యువకుడొకడు, విరిగిన తన తొడ ఎముకను గుర్తింపక వట్టి దెబ్బయని చికిత్స చేసినాడని వైద్యునిపై దావా వేసెను. కంటికి కనబడని వస్తువు ఫొటో సాక్ష్యమెట్లగునని ప్రతివాది పక్షము అభ్యంతరము చెప్పినను, న్యాయమూర్తి లెఫెవర్ ఆ చిత్రములను అంగీకరించెను.

ఆనాడు చిత్రము చికిత్స చేసిన వైద్యునికి ఎదురుసాక్షి. నేడు ఆ చిత్రమును చదువువాడే, అనగా రేడియాలజిస్టే, పెక్కు దావాలలో ప్రతివాది. ఒక వైద్యుడు నాడి పట్టి తెలిసికొన్నది, గుండె చప్పుడు విని గ్రహించినది ఆ క్షణముతోనే పోవును. రేడియాలజిస్టు చూచినది మాత్రము అట్లే నిలిచియుండును. ఏండ్ల తరువాత దానిని వెలికి తీసి, "ఇదిగో, మచ్చ ఇక్కడనే ఉన్నది గదా!" అని ఎవరైనను చూపవచ్చును.

చిక్కంతయు ఈ "ఉన్నది గదా" అనుటలోనే కలదు. మేయో క్లినిక్కు వైద్యులు, పొగ త్రాగువారికి నాలుగు నెలలకొకసారి రొమ్ము చిత్రములు తీసి పరీక్షించిరి. 1983లో ప్రకటించిన ఫలితములను బట్టి, ఊపిరితిత్తుల వెలుపలి భాగములలో బయటపడిన 50 క్యాన్సరులలో 45 అంతకు ముందటి చిత్రములలోనే ఉండెను. కాని అవి కనబడినది, ఎక్కడ వెదకవలెనో తెలిసిన తరువాతనే!

2013లో ట్రాఫ్టన్ డ్రూ, అతని సహచరులు మరింత విచిత్రమైన పరీక్ష చేసిరి. ఊపిరితిత్తుల సి.టి. చిత్రములలో ఒక గొరిల్లా బొమ్మను చేర్చి, గడ్డలను వెదకుడని 24 మంది రేడియాలజిస్టులకిచ్చిరి. బొమ్మ పరిమాణము సగటు గడ్డకు 48 రెట్లు. అయినను 20 మందికి అది కనబడలేదు. వారిలో సగముకంటె ఎక్కువమంది చూపు సరిగా గొరిల్లా పైననే పడినట్లు, కంటి కదలికలను గుర్తించు పరికరము తెలిపినది. కన్ను చూచుట వేరు, మనస్సు గుర్తించుట వేరు.

అందుచే న్యాయశాస్త్రము ప్రతి పొరపాటును నిర్లక్ష్యమనదు. అదే వృత్తిలో తగిన నేర్పు గలవాడు, అదే పరిస్థితిలో, ఎట్లు ప్రవర్తించును? ఇదియే కొలబద్ద. కేవలము నిర్ణయములోని పొరపాటు నిర్లక్ష్యమునకు నిదర్శనము కాదని మన సుప్రీంకోర్టు కూడ 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పెను. అయితే, ప్రమాదకరమైన మచ్చను చూచియు సకాలములో చికిత్స చేయు వైద్యునికి తెలుపనివాడు ఈ మాట చాటున దాగుకొనుట కష్టము.

ఇక నిపుణుల సాక్ష్యము. రోగికి క్యాన్సరు వచ్చినదని ముందే చెప్పి చిత్రమును చేతికిచ్చినచో, ఏ నిపుణునికైనను మచ్చ కనబడును. వివాదములోని చిత్రమును ఇతర చిత్రములతో కలిపి, ఫలితము తెలుపకుండ చదువనిచ్చుట మేలని కొందరు రేడియాలజిస్టుల సూచన. అట్లు చదివినవారిలో పెక్కుమంది మచ్చను గుర్తించినచో రోగి పక్షము బలపడును. వారును గుర్తింపకున్నచో, ప్రతివాదిది నిర్లక్ష్యమని నిరూపించుట దుర్లభము.