5.6 పెద్ద ఫైళ్లు మధ్యలో ఆగిపోవడం: ఇంటి నెట్‌వర్క్ నిల్వలో లోపాన్వేషణ

నెట్‌వర్క్ నిల్వ పరికరాన్ని, అంటే నాస్‌ను, ఇంట్లో ఎలా అమర్చుకోవాలో గత విభాగంలో తెలుసుకున్నారు. అమర్చిన మొదటి వారం ఫొటోలు, పాటలు చకచకా వెళ్లిపోతాయి. పెద్ద ఫైలు పంపిన రోజున అసలు సమస్య బయటపడుతుంది. ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

బీరంగూడలోని ఒక అపార్ట్‌మెంటులో పెళ్లి వీడియోలు తీసే యువకుడు ఉన్నాడనుకుందాం. ముంబై రహదారి పక్కన ఫంక్షన్ హాల్లో పని ముగించుకుని అర్ధరాత్రి ఇల్లు చేరాడు. కెమెరా కార్డులోని 60 జీబీల వీడియోను ల్యాప్‌టాప్‌కు ఎక్కించి, అక్కడి నుంచి నాస్‌కు పంపడం మొదలుపెట్టాడు. తెల్లవారితే మరో పెళ్లి ఉంది, ఆ కార్డు ఖాళీ కావాలి. మొదటి మూడు నిమిషాలు వేగం సెకనుకు 110 ఎంబీ చూపించింది. 20 జీబీ వెళ్లాక పదికి పడిపోయింది, తరవాత సున్నా, మళ్లీ పదిహేను, మళ్లీ సున్నా. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా చేసేది రౌటరు ఆపి వేయడం, తరవాత ఇంటర్నెట్ ప్లాను పెంచుకోవడం. రెండో పనివల్ల ప్రయోజనమేమీ లేదు. ల్యాప్‌టాప్ నుంచి నాస్‌కు వెళ్లే సమాచారం ఇంటి గడప దాటదు, దానికి బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేదు.

5.6.1 ట్యాంకరు, సంపు, మోటారు

ఎండాకాలంలో అపార్ట్‌మెంటుకు నీళ్ల ట్యాంకరు రావడం మీరు చూసే ఉంటారు. ట్యాంకరు సంపులోకి వేగంగా నీళ్లు వదులుతుంది. సంపు నుంచి మోటారు నెమ్మదిగా మేడమీది ట్యాంకుకు ఎక్కిస్తుంది. సంపు నిండేదాకా అంతా సజావుగానే కనబడుతుంది. నిండిన తరవాత మోటారు తోడినంత మేరకే ట్యాంకరు నీళ్లు వదలగలదు.

ఫైలు బదిలీ కూడా ఇంతే. ల్యాప్‌టాప్ డిస్కు నుంచి చదవడం, నెట్‌వర్క్ మీదుగా పంపడం, నాస్ మెమరీలో తాత్కాలికంగా ఉంచడం, చివరకు నాస్ డిస్కు మీద రాయడం వరుసగా జరుగుతాయి. తెర మీద కనిపించే అంకె వీటిలో ఏ ఒక్కదాని వేగమూ కాదు, ఆ క్షణాన ఎక్కడ ఖాళీ ఉంటే దాని వేగం. గిగాబిట్ తీగ మీద సెకనుకు 125 ఎంబీకి మించి వెళ్లడం అసాధ్యం. అక్కడ 300 కనబడితే అది మీ ల్యాప్‌టాప్ తన మెమరీలోకే నింపుకుంటున్న వేగం మాత్రమే. కాబట్టి అంకెను నమ్మకుండా, ఒక్కో అంచెను విడదీసి కొలవాలి.

5.6.2 నెట్‌వర్క్‌ను విడిగా కొలవడం

డిస్కులతో పని లేకుండా నెట్‌వర్క్ వేగాన్ని మాత్రమే కొలిచే ఉచిత సాఫ్ట్‌వేర్ ఐపెర్ఫ్3. ఒక పక్క నాస్‌లో, రెండో పక్క ల్యాప్‌టాప్‌లో దీన్ని నడపాలి. నాస్‌లో ఆ వీలు లేకపోతే అదే తీగకు ఇంకో ల్యాప్‌టాప్ తగిలించి చూడవచ్చు. గిగాబిట్ నెట్‌వర్క్ బాగుంటే దాదాపు 940 ఎంబీపీఎస్ వస్తుంది. ఇది మెగాబిట్లలో లెక్క. ఎనిమిదితో భాగిస్తే మెగాబైట్లు వస్తాయి.

94 దగ్గర ఆగిందంటే మీ లింకు 100 ఎంబీపీఎస్‌కు దిగిపోయిందన్నమాట. ఫైలు కదలకుండా 11 ఎంబీ దగ్గరే నడుస్తుంటే కారణం తరచు ఇదే. 60 జీబీలకు తొమ్మిది నిమిషాలు పట్టాల్సింది గంటన్నర పడుతుంది. ఎందుకిలా జరుగుతుంది? నెట్‌వర్క్ తీగలో ఎనిమిది వైర్లు, అంటే నాలుగు జతలు ఉంటాయి. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. 100 ఎంబీపీఎస్‌కు నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. తలుపు సందులో నలిగి నీలం జతలో ఒక వైరు తెగితే చాలా పరికరాలు తమంతట తామే తక్కువ వేగానికి దిగిపోతాయి. నెట్ వస్తూనే ఉంటుంది కనుక తీగను ఎవరూ అనుమానించరు. తీగ మార్చి చూడడం అన్నిటికన్నా చవకైన పరీక్ష. చవక రౌటర్లలో కొన్నిటికి పోర్టులే 100 ఎంబీపీఎస్‌వి ఉంటాయి, అది కూడా చూసుకోండి.

వైఫై సంగతి వేరు. ల్యాప్‌టాప్, నాస్ రెండూ వైఫై మీదే ఉంటే ప్రతి బైటూ రెండుసార్లు గాలిలో ప్రయాణించాలి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానితో ఒకటి కలవని చానళ్లు మూడే, 1, 6, 11. అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు, ఫ్లాటుకో రౌటరు ఉన్నచోట అవి ఏ మూలకు సరిపోతాయి? ప్యాకెట్లు పోయినప్పుడల్లా టీసీపీ కాసేపు ఆగి తిరిగి పంపుతుంది, మళ్లీ పోతే ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. మనకు కనబడే సున్నా ఈ నిరీక్షణే కావచ్చు. పెద్ద బదిలీకి ఆ ఒక్క గంట తీగ వాడడం మేలు.

5.6.3 డిస్కు దగ్గర

మన ఉదాహరణలో 110 ఎంబీ వేగం మూడు నిమిషాలు నిలకడగా వచ్చింది కనుక తీగలో లోపం లేదు. నాస్ మెమరీ 1 జీబీయే అనుకుంటే అది పది సెకన్లలో నిండిపోవాలి. మరి 20 జీబీ దాకా లాక్కొచ్చిన సంపు ఏది? అది డిస్కులోనే ఉంది.

కొన్ని హార్డ్‌డిస్కుల్లో రికార్డింగు వరుసలు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. తక్కువ చోటులో ఎక్కువ సమాచారం పడుతుంది. అయితే కింది పెంకు మార్చాలంటే పైవాటిని కూడా కదిలించాలి. అందుకే ఈ ఎస్ఎంఆర్ డిస్కులు వచ్చిన సమాచారాన్ని ముందు మామూలు పద్ధతిలో రాసే చిన్న ప్రాంతంలో పడేసుకుని, తీరిక దొరికినప్పుడు సర్దుకుంటాయి. తీరిక ఇవ్వకుండా పంపుతూ ఉంటే ఆ ప్రాంతం నిండి డిస్కు ఉక్కిరిబిక్కిరవుతుంది. నాస్ కోసమని అమ్మిన రెడ్ శ్రేణి డిస్కుల్లో కొన్ని ఈ రకానివేనని వెస్టర్న్ డిజిటల్ 2020 ఏప్రిల్‌లో ఒప్పుకున్నది. తరవాత మామూలు పద్ధతివాటిని రెడ్ ప్లస్ పేరుతో వేరుచేసింది. కాబట్టి కొనేముందు పెట్టె మీది పేరు కాదు, మోడల్ నంబరు చూసి సీఎంఆర్ అవునో కాదో తెలుసుకోవాలి. ఇప్పటికే కొన్నవారు పదేసి జీబీల చొప్పున, మధ్యలో విరామమిస్తూ పంపుకోవచ్చు.

నాస్‌కు తగిలించిన పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీ పరిమాణమున్న ఒక్క ఫైలును కూడా అది ఒప్పుకోదు. అదే ఫైలు ప్రతిసారీ అదే చోట ఆగుతుంటే మాత్రం నాస్‌ను వదిలి, పంపే వైపు డిస్కులో చెడిన భాగముందేమో చూడండి. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకోవడం కూడా ఒక కారణమే, ఎంత చిన్నదైనా మరచిపోవద్దు.

5.6.4 కార్డు ఎప్పుడు చెరపాలి?

ఇన్వర్టరు లైను ఫ్యాన్లకు, లైట్లకే ఉన్న ఇళ్లలో కరెంటు పోతే రౌటరు, నాస్ రెండూ ఆగిపోతాయి. సగం రాసిన ఫైలు అక్కడే మిగిలిపోవచ్చు. కొన్ని సందర్భాల్లో దాని పరిమాణం పూర్తిగానే కనిపిస్తుంది, ఎందుకంటే స్థలం ముందే కేటాయించి ఉంటారు. కనుక కట్ చేసి పేస్ట్ చేసే అలవాటు మానండి, కాపీ మాత్రమే చేయండి. రోబోకాపీలో జెడ్ స్విచ్, ఆర్‌సింక్‌లో పార్షియల్ ఐచ్ఛికం వాడితే, ఆగిన బదిలీని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకుండా కొనసాగించే వీలుంటుంది. చివర విండోస్‌లోని సర్ట్‌యుటిల్ ఆదేశంతో రెండు ప్రతుల ఎస్‌హెచ్ఏ-256 విలువలు తీసి పోల్చండి. అవి ఒకటైతేనే కార్డు చెరపాలి. ఆ యువకుడికి తెల్లవారేలోగా అంత సమయం లేకపోతే కొత్త కార్డు కొనుక్కోవడమే మంచిది. తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక అభ్యాసకురాలు తీగ ద్వారా 45 జీబీల ఫోల్డరును నాస్‌కు పంపుతున్నది. వేగం సెకనుకు 90 ఎంబీ నిలకడగా ఉంటుంది కానీ ప్రతిసారీ ఒకే ఫైలు దగ్గర, అదే శాతం వద్ద ఆగిపోతుంది. ఐపెర్ఫ్3 ఫలితం 938 ఎంబీపీఎస్. ఆ ఫైలును తప్పిస్తే మిగతావన్నీ వెళ్తున్నాయి. లోపం ఏ అంచెలో ఉంది? దాన్ని నాస్‌తో సంబంధం లేకుండా ఎలా నిర్ధారిస్తారు?