బంతి చెప్పిన పాఠం, తెలుగు మాటలో

భారత జట్టుకు 28 టెస్టులాడిన వెంకటపతి రాజు ఇప్పుడు మైకు ముందు కూర్చుని తెలుగులో ఆట చెబుతున్నాడు. పాలమూరు, నల్లగొండ ఊళ్లలో ఆ మాట వింటూ ఓ తరం పెరుగుతోంది.

రాత్రి ఏడున్నరకు ఐపీఎల్ మొదలయ్యేసరికి మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి చాయ్ హోటళ్లలోనూ, నల్లగొండ బస్టాండు పక్కనా ఫోన్ల చుట్టూ జనం చేరతారు. గ్లాసుకు ఆనించి నిలబెట్టిన ఫోన్‌లోంచి తెలుగు మాటలు వినిపిస్తుంటాయి. ఒకప్పుడు ఈ ఊళ్లలో రేడియో చెవికి ఆనించుకున్నవాళ్లకు దొరికింది ఎక్కువగా ఇంగ్లిష్, హిందీ కామెంటరీయే. స్కోరు తెలిసేది, ఆట లోతు తెలిసేది కాదు. 2018 ఐపీఎల్‌తో టీవీలో తెలుగు కామెంటరీ స్థిరపడింది. ఆ తర్వాత ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు లాంటి మన అంతర్జాతీయ ఆటగాళ్లు మైకు పట్టుకున్నారు. వాళ్లలో వెంకటపతి రాజుది ప్రత్యేకమైన దారి.

పన్నెండు పరుగులు, ఆరు వికెట్లు

సాగి లక్ష్మీ వెంకటపతి రాజు 1969 జులై 9న తూర్పుగోదావరి జిల్లా ఆలమూరులో పుట్టాడు. క్రికెటర్‌గా తీర్చిదిద్దింది మాత్రం హైదరాబాద్. 1990 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్‌లో న్యూజిలాండ్‌పై తొలి టెస్టు ఆడాడు. నైట్‌వాచ్‌మన్‌గా దిగిన ఆ కుర్రాడు రెండు గంటలకు పైగా క్రీజులో నిలబడి 31 పరుగులు చేశాడు. అవతలి ఎండ్‌లో పేరున్న బ్యాట్స్‌మెన్ ఒక్కొక్కరే వెనుదిరుగుతుంటే ఇతను మాత్రం కదల్లేదు.

అదే ఏడాది నవంబరులో చండీగఢ్‌లో శ్రీలంకతో టెస్టు. రాజు వేసింది 17.5 ఓవర్లు. అందులో 13 మెయిడిన్లు. ఇచ్చింది 12 పరుగులు, తీసింది ఆరు వికెట్లు. లంక 82కే ఆలౌటైంది. గొర్రు పట్టిన రైతు సాలు తప్పకుండా విత్తినట్టు, ఒకే చోట బంతి వేస్తూ బ్యాట్స్‌మన్ ఓపిక తెగేదాకా ఆగడమే అతని విద్య. పిచ్ పెద్దగా తిరగకపోయినా సరే, ఎత్తులో, వేగంలో చిన్న మార్పు చేసి ఎదుటివాడితో తప్పు చేయించేవాడు. 1993లో ఇంగ్లాండ్‌ను 3-0తో ఓడించిన సిరీస్‌లో కుంబ్లే, రాజేశ్ చౌహాన్‌లతో పాటు మూడో స్పిన్నర్ అతనే. 1994-95లో వెస్టిండీస్‌పై మూడు టెస్టుల్లో 20 వికెట్లు తీశాడు. మొత్తం మీద టెస్టుల్లో 93, వన్డేల్లో 63 వికెట్లు అతని ఖాతాలో ఉన్నాయి. 1992, 1996 ప్రపంచకప్‌లు ఆడాడు.

ఈడెన్‌లో ఇద్దరు హైదరాబాదీలు

రాజు చివరి టెస్టు 2001 మార్చిలో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో ఆడింది. రెండో ఇన్నింగ్స్‌లో మరో హైదరాబాదీ వీవీఎస్ లక్ష్మణ్ చేసిన 281 అందరికీ గుర్తుంది. అంతకుముందు ఏం జరిగిందో గుర్తున్నవాళ్లు తక్కువ. తొలి ఇన్నింగ్స్‌లో భారత్ 113కి ఎనిమిది వికెట్లు పోగొట్టుకుంది. పదో స్థానంలో వచ్చిన రాజు కాసేపు ఒక ఎండ్ కాపాడాడు. అవతల లక్ష్మణ్ బ్యాట్ ఝుళిపించాడు. ఆ జంట 16 పరుగులు జోడించింది. అందులో రాజువి నాలుగే. లక్ష్మణ్ 59 దగ్గర అవుటయ్యాడు. ఆ ఆట చూశాకే ఫాలోఆన్‌లో అతన్ని మూడో స్థానంలో పంపారు. ఆ తర్వాతిదంతా చరిత్రే. చివరి రోజు మార్క్ వాను రాజు సున్నాకే ఎల్బీ చేశాడు. 171 పరుగుల తేడాతో భారత్ గెలిచింది.

రికార్డు పుస్తకంలో ఆ నాలుగు పరుగులకు విలువ లేదు. మ్యాచ్‌ను మలుపు తిప్పేవి ఒక్కోసారి అలాంటివే. వాటిని గుర్తుపట్టి చెప్పగలిగేవాడే మంచి వ్యాఖ్యాత.

మైకు ముందు స్పిన్నర్

ఆట మానాక రాజు జాతీయ సెలెక్టర్‌గా పనిచేశాడు. 2007లో టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టును ఎంపిక చేసిన కమిటీలో అతనూ ఉన్నాడు. ఆడిన కన్నూ ఎంపిక చేసిన కన్నూ రెండూ ఉన్నవాళ్లు కామెంటరీ బాక్స్‌లో కొద్దిమందే.

సిక్సర్ కొట్టినప్పుడు గట్టిగా అరవడం ఎవరికైనా వచ్చు. ఆ సిక్సర్‌కు ముందు రెండు బంతులు ఎందుకు నెమ్మదిగా పడ్డాయో, మిడాఫ్‌ను ఎందుకు వెనక్కి జరిపారో చెప్పాలంటే ఆ స్థితిలో తనూ నిలబడి ఉండాలి. మన పల్లెల్లో కార్క్ బాల్‌తో ఆడే పిల్లవాడికి కోచ్ లేడు, అకాడమీ లేదు. హైదరాబాద్ వెళ్లి నేర్చుకునే స్తోమత చాలా ఇళ్లలో లేదు. అలాంటి వాడికి అనుభవజ్ఞుడి తెలుగు మాటే తొలి కోచింగ్ క్లాసు. అందుకే తెలుగు కామెంటరీని వట్టి వినోదంగా చూడటం తప్పు.

ప్రసార సంస్థలకు ఒక విన్నపం. పంచ్ డైలాగులు తగ్గించి ఆట తెలిసినవాళ్లకు మైకు ముందు ఇంకా ఎక్కువ సమయం ఇవ్వండి. పాలమూరు, నల్లగొండ యాసలో మాట్లాడేవాళ్లనూ ఆ బాక్స్‌లో కూర్చోబెట్టండి. క్రికెట్‌తో ఆగకుండా, ఈ నేల మీద ఊరూరా ఆడే కబడ్డీకీ మాజీ ఆటగాళ్లను వెతికి తీసుకురండి. తల్లిదండ్రులకూ ఒక మాట: మీ పిల్లలు స్పిన్ వేస్తుంటే, ఈసారి మ్యాచ్‌ను తెలుగులో పెట్టి వాళ్ల పక్కన కూర్చుని వినండి.