బరువు మిషన్‌కు దొరకని జబ్బు

తిండి చుట్టూ అల్లుకునే మానసిక రుగ్మతను పసిగట్టడానికి డాక్టర్లు వాడే ప్రశ్నావళుల్లో బాగా చిన్నది స్కాఫ్. ఐదే ప్రశ్నలు. కడుపు మరీ నిండిందని కావాలని వాంతి చేసుకుంటున్నారా? తిండి మీద అదుపు పోయిందని దిగులుగా ఉందా? మూడు నెలల్లో ఆరు కిలోల పైచిలుకు తగ్గారా? సన్నగా ఉన్నావని అందరూ అంటున్నా లావుగానే ఉన్నాననిపిస్తోందా? రోజంతా తిండి ధ్యాసేనా? రెండింటికి అవునంటే లోతుగా చూడాలి. 1999లో లండన్ వైద్యులు దీన్ని సరిచూసినప్పుడు జబ్బున్న 116 మందిలో ఒక్కరూ తప్పించుకోలేదు. జబ్బు లేని 96 మందినీ పరీక్షించారు. అయితే ఆ 212 మందీ స్త్రీలే.

ఇప్పుడు హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి నేరుగా జిమ్‌కు వెళ్లే ఓ పాతికేళ్ల కుర్రాణ్ని ఊహించుకోండి. అమ్మ చేసిన రాగి సంగటి ముట్టడు. ఉడికిన గుడ్లలో పచ్చసొన తీసి పక్కన పెడతాడు. పెళ్లి భోజనం చేస్తే మర్నాడు రెండు గంటలు అదనంగా చెమటోడుస్తాడు. ఇంత చేసినా నలుగురిలో చొక్కా విప్పలేడు. బరువు తగ్గలేదు సరికదా, నాలుగు కిలోలు పెరిగాడు. వాంతుల్లేవు. లావయ్యానన్న బాధ కాదు అతనిది, కండ చాలలేదన్న బాధ. మహా అయితే ఐదో ప్రశ్నకు అవునంటాడు. ఒక్క మార్కు. జబ్బు లేదని ఇంటికి పంపేస్తారు.

మగవాళ్లను ఇలా వదిలేయడం కొత్తేమీ కాదు. 1689లో రిచర్డ్ మార్టన్ అనే ఇంగ్లండ్ వైద్యుడు ఈ తరహా జబ్బును రాసిపెట్టినప్పుడు ఇద్దరు రోగుల్లో ఒకరు మగపిల్లవాడే. అయినా అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం 2013 దాకా అనోరెక్సియా (తిండి మానేసి చిక్కిపోయే జబ్బు) లక్షణాల్లో నెలసరి ఆగిపోవడాన్నీ ఉంచింది. మగవాడికి ఆ గడి ఎలా నింపాలో మరి!

ఆ కుర్రాడు గే లేదా బైసెక్సువల్ అయితే మరింత జాగ్రత్త కావాలి. 2007లో పరిశోధకులు ఫెల్డ్‌మన్, మేయర్ న్యూయార్క్‌లో 516 మందిని పరిశీలించారు. గే, బైసెక్సువల్ పురుషుల్లో 15 శాతానికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ రుగ్మతనో, దాని లక్షణాలనో అనుభవించారు. మిగతా మగవాళ్లలో అది 5 శాతం లోపే. ఇవి న్యూయార్క్ అంకెలు. తెచ్చి హోసూరు ఉన్న కృష్ణగిరి జిల్లాకు అతికించకూడదు. తేడా మూడింతలుందన్న హెచ్చరిక మాత్రం తీసుకోవచ్చు.

పెద్ద ప్రశ్నావళి ఈడీఈ-క్యూ. 28 ప్రశ్నలు, గడిచిన 28 రోజుల గురించి. తిండి కట్టడి, తిండి దిగులు, బరువు దిగులు, ఒంటి తీరు దిగులు అని నాలుగు విభాగాలు. ఒక్కోదానికి 0 నుంచి 6 దాకా మార్కులు. నాలుగింటి సగటు 4 గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే ప్రమాదమని సాధారణంగా లెక్క. అమెరికాలో 978 మంది గే పురుషులకు ఇది ఇస్తే సగటులో ఆ గీత చేరినవారు 4 శాతమే. ఒంటి తీరు ఒక్కదాన్నే చూస్తే 21 శాతం! ఎందుకింత తేడా? మన కుర్రాడికి ఒంటి తీరులో 5, బరువులో 3, కట్టడిలో 3, తిండి దిగులులో 1 వచ్చాయనుకుందాం. మొత్తం 12, సగటు 3. సగటు చూసిన డాక్టరు ఫరవాలేదంటాడు, ఆ 5 అందులో మునిగిపోతుంది. నా మటుకు నాకు మగవాళ్ల విషయంలో సగటు ఒక్కదాన్నే చూడటం తప్పనిపిస్తుంది. కండల కోసం తినే తీరును కొలవడానికి 2019లో 15 ప్రశ్నల పరీక్ష వేరేగా వచ్చింది. అదీ పక్కన ఉండాలి.

అంకె తక్కువ చూపడమే కాదు, ఎక్కువా చూపగలదు. 1989లో పరిశోధకులు కింగ్, భూగ్రా ఉత్తర భారతంలో బడికెళ్లే ఆడపిల్లలకు ఇలాంటి పరీక్షే పెడితే 29 శాతం మంది గీత దాటారు. కొన్ని ప్రశ్నలు వాళ్లకు వేరే అర్థంలో చేరాయి, ఉపవాసాలూ లెక్కలో కలిశాయి. హోసూరులో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ఒంటిపూట తినేవాడికి ఈడీఈ-క్యూ ఇస్తే ఇదే చిక్కు. ఎన్ని పూటలు మానేశావన్నది కాదు, ఎందుకు మానేశావన్నదే అడగాలి.

హోసూరు నుంచి బెంగళూరు నలభై కిలోమీటర్లు. అక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఉన్నదీ హోసూరు రోడ్డు మీదే. 2012లో వెలువడిన ఒక సర్వేలో బెంగళూరులో 66 మంది మానసిక వైద్యులను అడిగితే, మూడింట రెండు వంతుల మంది ఇలాంటి కేసు కనీసం ఒక్కటైనా చూశామన్నారు. అలాంటి రోగుల్లో ఎవరు గే అన్నది ప్రశ్నావళి చెప్పదు, డాక్టరు గది తలుపు వేసి, వెంట వచ్చిన బంధువును బయట కూర్చోబెట్టి అడిగితేనే తెలుస్తుంది. 'పెళ్లయిందా?' అని మొదలుపెడితే ఆ కుర్రాడు అక్కడే నోరు మూసుకుంటాడు.

గే అని అలా చెప్పుకున్నవాణ్ని 'మార్చేస్తాం' అనే వైద్యం చెల్లదు. 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ దాన్ని నిషేధించాలని ఆదేశించారు. తమిళనాడులో భాగమైన కృష్ణగిరికీ అది వర్తిస్తుంది. ఇక ఒంటి సంగతి. వాంతులు, భేదిమందులు, కళ్లు తిరగడం ఉంటే ఏ స్కోరు కోసమూ ఆగకుండా రక్తంలో పొటాషియం, ఈసీజీ చూపించుకోండి. ఎవరితో మొదలుపెట్టాలో తోచకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఫోను ఉచితం, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడొచ్చు.