కోళ్లు కావాలా, కుక్క కావాలా?

దసరాకు ఇంకా నాలుగు రోజులుంది. హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కి, పొద్దున ఆరింటికి కోరుట్ల దగ్గర మా ఊళ్లో దిగాను. వాకిట్లో అడుగు పెట్టగానే ఎక్కడ చూసినా ఈకలే. చింతచెట్టు కింద ఒకటి, బావి దగ్గర రెండు, గూటి ముందు ఒకటి... మొత్తం నాలుగు పెట్టలు చచ్చి పడున్నాయి. వాటి మధ్య నన్ను చూసి తోక ఊపుతూ మా బగ్గు.

బగ్గు అంటే నా కుక్క. హైదరాబాద్‌లో ఆఫీసు పక్క సందులో దొరికిన పిల్ల. రోజంతా కోడ్‌లో బగ్స్ వెతికే పని కదా, ఆ పేరే పెట్టాను. పెద్దదయ్యాక ఫ్లాట్ ఓనర్ ఒప్పుకోలేదు. అందుకే నెల కిందట అమ్మ దగ్గర దింపాను. కావలి ఉంటుందని అమ్మ రాత్రిపూట గొలుసు విప్పేది. ఆ రాత్రి గూటి తలుపు గొళ్లెం సరిగ్గా పడలేదు. అంతే.

అమ్మ నన్ను తిట్టలేదు. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించుకుంటూ ఒకటే మాటన్నది. "కోళ్లు కావాల్నో, కుక్క కావాల్నో తేల్చుకో కొడుకా. పండుగ ఎల్లేలోపు చెప్పు."

నాకు తోచింది నేను చేశాను. ఒక్కో పెట్టకు 600 చొప్పున 2,400 రూపాయలు అమ్మకు ఫోన్‌పే చేశాను. మెసేజ్ చూసి అమ్మ ఫోన్ పక్కన పెట్టేసింది. "పైసలు పొదుగుతయారా?"

ఆ మాట అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఒక పెట్ట లెక్క

నాటుకోడి ఏడాదికి పెట్టే గుడ్లు 60, మహా అయితే 70. ఫారం కోడితో పోలిస్తే ఏమీ కాదు. కానీ ఫారం కోడికి రాని పని దీనికి వచ్చు. పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు గుడ్ల మీద నుంచి కదలదు, పిల్లలు లేచాక గద్ద నీడ పడితే చాలు రెక్కల కిందికి లాక్కుంటుంది. ఇంక్యుబేటర్, హీటర్, సెక్యూరిటీ గార్డ్, అన్నీ అదే.

అమ్మ లెక్క ఇది. ఒక పెట్ట ఏడాదికి మూడుసార్లు పొదుగుతుంది. పదేసి గుడ్లు పెడితే ఏడెనిమిది పిల్లలు లేస్తాయి. గద్ద, పిల్లి, ముంగిస, జబ్బు పోను నాలుగు మిగిలాయనుకుందాం. ఏడాదికి పన్నెండు కోళ్లు. ఒక్కోటి 500కు అమ్మినా 6,000. నాలుగు పెట్టలకు 24,000. దాణా కింద పోయేది నూకలు, ఇంట్లో మిగిలిన అన్నం. నేను పంపింది అందులో పదో వంతు!

ఆ డబ్బు మా ఇంట్లో ఏం చేసిందో నాకు తెలియంది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు చాలా ఇళ్లలో మాదిరే మా ఇంట్లోనూ నాన్న గల్ఫ్‌లో, అమ్మ బీడీల మీద. మస్కట్ నుంచి పైసలు రాని నెలల్లో ఇల్లు నడిచింది బీడీల మీద, కోళ్ల మీద. ఇంజినీరింగ్‌లో నా మొదటి సెమిస్టర్ పరీక్ష ఫీజు అంటే నాలుగు పుంజులు. ఎవరినీ అడగకుండా అమ్మ చేతికి వచ్చే సొమ్ము అదొక్కటే.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న 85 కోట్ల కోళ్లు, బాతుల్లాంటి పక్షుల్లో దాదాపు 32 కోట్లు పెరట్లో పెరిగేవే. 2012తో పోలిస్తే పెరటి కోళ్లు 46 శాతం దాకా పెరిగాయి.

నాటుదా, రాజశ్రీనా?

పోయిన కోళ్ల స్థానంలో కొత్తవి తేవాలి కదా. అప్పుడు తెలిసింది, మనకు ఎన్ని రకాలు అందుబాటులో ఉన్నాయో. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను తయారు చేసింది. అదే రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఇచ్చిన రకం రాజశ్రీ. ఇది పెరట్లోనే ఏడాదికి 160 దాకా గుడ్లు పెడుతుంది. ఆ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక కాలేజీ మన కోరుట్లలోనే ఉంది.

అయితే ఒక మెలిక ఉంది. గుడ్లు ఎక్కువ పెట్టే ఈ మెరుగైన రకాలు పొదుగుకు కూర్చోవడం దాదాపు మరిచిపోయాయి. అందుకే రెండూ ఉండాలి. గుడ్లకు రాజశ్రీ, పొదగడానికి నాటుపెట్ట. రాజశ్రీ గుడ్లనైనా నాటుపెట్ట కింద పెడితే తన పిల్లలే అనుకుని పెంచుతుంది.

ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డును ఫోన్ టార్చ్ మీద పెట్టి చూడండి. లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల పెరుగుతున్నట్టు. ఏమీ లేకుండా తేటగా ఉంటే అది లేవదు, తీసేయొచ్చు. ఈ ఒక్క విషయంలోనే అమ్మ నా ఫోన్‌ను మెచ్చుకున్నది.

అంగడికి పోయి తిరిగొచ్చిన కోడి

నాటుకోడికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. దసరా, సమ్మక్క జాతర దగ్గరపడితే చెప్పక్కర్లేదు. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య ఉండే మా మేనత్త డాబా మీద జాలి కొట్టి పది కోళ్లు పెంచుతుంది. వేములవాడలో రాజన్న దర్శనం అయినంక బద్దిపోచమ్మకు బోనం ఎత్తేవాళ్లు ఆమెకు ముందే ఫోన్ చేసి చెప్పుకుంటారు. మా అమ్మ మాత్రం అంగడికి పోతుంది, లేదంటే ఇంటి ముందు బండి ఆపే వ్యాపారికి అమ్ముతుంది.

ఆ వ్యాపారి చేత్తో లేపి చూసి "కిలోంబావు" అనేవాడు. నేనొక చిన్న డిజిటల్ కాంటా కొనిచ్చాను. మొదటి రోజే అదే కోడి కిలోన్నర తూగింది. తర్వాత పుంజుల ఫొటో తీసి, బరువు రాసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం నేర్పాను. ఇప్పుడు జగిత్యాల నుంచి బైకు మీద వచ్చి తీసుకుపోతున్నారు.

దీంట్లో ధర కంటే పెద్ద లాభం ఇంకోటుంది. అంగడిలో నాలుగు ఊళ్ల కోళ్లు ఒకేచోట కలుస్తాయి. అమ్ముడుపోక తిరిగొచ్చిన కోడి కొక్కెర తెగులును వెంట తెచ్చిందంటే గూడు మొత్తం ఖాళీ. అందుకే బయటి నుంచి వచ్చిన కోడిని, అది మన కోడే అయినా సరే, రెండు మూడు వారాలు వేరే ఉంచాలి.

కొక్కెరకు టీకా ఉంది. పిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క, నాలుగో వారంలో మళ్లీ ఒకసారి, ఎనిమిది వారాలకు సూది. మరి ఊళ్లల్లో ఎందుకు వేయించరు? టీకా సీసా వంద కోళ్లకో, అంతకంటే ఎక్కువ కోళ్లకో సరిపడా వస్తుంది. కలిపాక చల్లగా ఉంచి రెండు గంటల్లోపే వాడాలి. పదిహేను కోళ్లున్న ఇంటికి అది గిట్టదు. మా వాడకట్టులో ఎనిమిది ఇళ్లవాళ్లం కలిసి ఒకే రోజు వేయించాం. మనిషికి పడింది చాయ్ పైసలే.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు చికెన్ ధర ఎలా పడిపోయిందో చూశాం. కోళ్లు వరసగా చనిపోతే వండుకోవద్దు, అమ్మొద్దు, కుక్కలకు వేయొద్దు. పశువుల డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

బగ్గు తప్పెంత?

మళ్లీ మా వాకిట్లోకి వద్దాం. నాలుగు కోళ్లు పోయిన విషయం తెల్లారేసరికి వాడంతా తెలిసింది. "రక్తం రుచి మరిగిన కుక్క ఇగ ఆగదు" అన్నారు ఒకరు. "బస్టాండ్ల ఇడిసిపెట్టు" అన్నారు ఇంకొకరు. "జర మందు కలిపి పెడితే పీడ పోతది" అన్న మాట కూడా వినిపించింది. కుక్కకు విషం పెట్టడం నేరం, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది అన్నాను. "నీ చట్టం కోళ్లను తెచ్చిస్తదా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

తెలిసిన పశువుల డాక్టర్‌ను అడిగాను. ఆయన చెప్పింది ఇది. కుక్క వేటలో ఒక వరుస ఉంటుంది. వెతకడం, గుచ్చి చూడడం, నక్కుతూ పోవడం, తరమడం, పట్టడం, చంపడం. బంతి వేస్తే పరుగెత్తి తెచ్చేది కూడా ఆ వరుసలో ముక్కే. కోడి రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తగానే ఆ మీట నొక్కినట్టవుతుంది. కుక్కకు అది పాపం కాదు, ఆట. పొద్దున చచ్చిన కోడిని చూపించి కొడితే, రాత్రి చేసిన పనికి కొడుతున్నారని దానికి తెలియదు. మనల్ని చూసి భయపడడం ఒక్కటే నేర్చుకుంటుంది.

ఇంకో మాట నాకు బాగా తగిలింది. పదిసార్లు తరిమితే ఒక్కసారి కోడి దొరికినా చాలు, ఆ అలవాటు ఇంకా గట్టిపడుతుందట. అంటే ముందు చేయాల్సింది శిక్షణ కాదు. ఆ ఒక్కసారి కూడా దొరక్కుండా చూడడం. టెస్టింగ్ లేకుండా కోడ్‌ను లైవ్‌లో పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. కోడిని ఎన్నడూ చూడని కుక్కను కోళ్ల వాకిట్లో వదిలి పోయింది నేనే.

అమ్మను బతిమాలి సంక్రాంతి దాకా గడువు అడిగాను.

గంప కింద పాఠం

ముందు గూటికి కొత్త గొళ్లెం, చుట్టూ జాలి. కింద పావు గజం లోతు దాకా పాతాం, తవ్వుకుని దూరకుండా. బగ్గుకు పొద్దున, సాయంత్రం పొలం దాకా నడక, వేళకు తిండి. రేబిస్ టీకా ముందే వేయించాను.

తర్వాత అసలు పాఠం. దానికి మన ఇళ్లల్లో ఉండే కోళ్లగంపను మించిన సామాను లేదు. గంప కింద ఒక పెట్టను మూసి, బగ్గును పది గజాల దూరంలో తాడుతో పట్టుకోవాలి. అది కోడి వైపు చూస్తుంది. పిలవగానే తల మన వైపు తిప్పిందా, ఆ క్షణమే ఒక ఉడికిన గుడ్డు ముక్క. ఒళ్లు బిగిసి చూపు తిప్పకపోతే మనం మరీ దగ్గరికొచ్చినట్టు. తిట్టకుండా నాలుగడుగులు వెనక్కి రావాలి. రోజుకు పది నిమిషాలు చాలు.

"కోళ్లను సంపినదానికి గుడ్లు పెడ్తవా?" అని అమ్మ నవ్వింది. నవ్వుతూనే ఉడకబెట్టింది.

వారానికి ఒక గజం, రెండు గజాల చొప్పున దగ్గరికి జరిగాం. తర్వాత గంప తీసి, జాలి అవతల తిరిగే కోళ్లు. ఆ తర్వాత పొడుగు తాడుతో జాలి ఇవతల. రెక్కలు కొట్టుకునే దృశ్యం అన్నిటికంటే కష్టం, అది చివర్న. కోడిపిల్లల దగ్గరికి మాత్రం ఇప్పటికీ రానివ్వం.

"రానివ్వం" అంటున్నాను గానీ, నేనుండేది శని, ఆదివారాలే. మిగతా అయిదు రోజులు సాయంత్రం బీడీల చాట పక్కన పెట్టి, తాడు పట్టుకుని నిలబడింది అమ్మ. నేను వీడియో కాల్‌లో చూసేవాణ్ని. యూట్యూబ్‌లో నేర్చుకుని చెప్పింది నేను, చేసింది ఆమె.

పెంగ్విన్లకు కావలి

ఒకరోజు అమ్మకు ఒక సంగతి చెప్పాను. ఆస్ట్రేలియాలో వారనాంబూల్ అనే ఊరి దగ్గర చిన్న దీవి ఉంది. అక్కడి బుల్లి పెంగ్విన్లను నక్కలు తినేస్తే 2005 నాటికి పది కూడా మిగల్లేదు. ఆలన్ మార్ష్ అనే కోళ్ల రైతు తన కోళ్లకు మరెమ్మా జాతి కుక్కలు కావలి ఉంటున్నాయని, వాటినే దీవి మీద పెట్టి చూడమని సలహా ఇచ్చాడు. 2006లో పెట్టారు. నక్కలు తగ్గాయి, పెంగ్విన్లు మళ్లీ పెరిగాయి. 2015లో 'ఆడ్‌బాల్' అని సినిమా కూడా వచ్చింది.

మరెమ్మా వందల ఏళ్లుగా కావలి కోసమే పెంచిన జాతి, వేట గుణం తక్కువ. బగ్గు ఆఫీసు సందులో దొరికిన కుక్క. రెండూ ఒకటి కాదు. శిక్షణతో ప్రతి కుక్కా మారుతుందని చెప్పలేం. కొన్నిటికి జీవితాంతం జాలి ఒక్కటే మందు. అది ఒప్పుకోవడంలో నామోషీ లేదు.

సంక్రాంతికి వెళ్లాను. బగ్గు అరుగు కింద పడుకుని ఉంది. ఒక పిల్లలకోడి జాలి లోపల గింజలు ఏరుకుంటోంది. పుంజొకటి బయట తిరుగుతూ వచ్చి, బగ్గు తోక పక్కనే కాలితో మట్టి గీకింది. బగ్గు చెవులు లేచాయి. ఒళ్లు బిగిసింది. నేను ఊపిరి బిగబట్టాను. అది పుంజు వైపు ఒకసారి చూసి, తల తిప్పి అమ్మ వైపు చూసింది.

రాత్రి గొళ్లెం మాత్రం అమ్మ రెండుసార్లు లాగి చూస్తుంది. బగ్గు గొలుసు విప్పడం లేదు. గడువు అయిపోయింది కదా, ఏం తేల్చావని నేను అడగలేదు, అమ్మా చెప్పలేదు. పొయ్యి మీద గిన్నెలో రెండు గుడ్లు ఉడుకుతున్నాయి. నాకొకటేమో అనుకుని చెయ్యి పెట్టబోయాను.

"అవి దానియి, ముట్టకు" అన్నది అమ్మ.